వేరు దాటిన మందు
దంత ఆరోగ్యం: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డాడు. నల్లబడిన పై ముందు పంటికి నాలుగు నెలల క్రితం రూట్ కెనాల్ చేయించాం. మొన్న వేరే పని మీద ఎక్స్‌రే తీయిస్తే ఆ పంటి వేరు చివర, బయట, తెల్లటి చుక్క కనిపించింది. మందు కాస్త బయటకి పోయిందన్నారు. నొప్పేమీ లేదండి. కానీ మా అత్తగారు అది లోపల విషమై క్యాన్సర్‌కి దారితీస్తుందని ఒకటే బెంగ. పన్ను తీయించేయమంటారా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తీయించకండి. నొప్పి, వాపు, చిగురు మీద చీము పొక్కు లేనప్పుడు ఆ చుక్క ఒక్కటే పన్ను తీయడానికి కారణం కాదు.

అది ఏమిటో చెబుతాను. పంటి లోపలి నరం తీసి శుభ్రం చేశాక ఆ ఖాళీని గుట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపుతాం. మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి వచ్చేది అది. ఎంత గట్టిగా నొక్కినా వేరు గోడకీ దానికీ మధ్య సన్నటి సందులు మిగులుతాయి. ఇటుకల మధ్య సున్నంలాగా ఆ సందుల్ని మూసే పేస్టే సీలర్. ఎక్స్‌రేలో కనబడాలని అందులో బేరియం, జింక్ వంటివాటి సమ్మేళనాలు కలుపుతారు, అందుకే ఆ తెలుపు. నింపేటప్పుడు ఒత్తిడికి వేరు చివరి రంధ్రంలోంచి కాస్త బయటకి రావడం మాకు కొత్త కాదు.

తడిగా ఉన్నప్పుడు దాదాపు ప్రతి సీలరూ చుట్టూ ఉన్న కణాలకి ఎంతో కొంత చిరాకు కలిగిస్తుంది. రూట్ కెనాల్ అయ్యాక రెండు మూడు రోజులు కొరికితే సలుపు అనిపించడంలో దాని వాటా కూడా ఉంటుంది. గట్టిపడ్డాక ఆ గుణం బాగా తగ్గిపోతుంది. బయట పడ్డ చుక్కని రక్తంలోంచి వచ్చే రక్షక కణాలు నెలల తరబడి కొద్దికొద్దిగా మింగి తీసుకెళ్తాయి. తీసుకెళ్లలేనిదాని చుట్టూ శరీరం పొర కట్టి ఊరుకుంటుంది.

అత్తగారి భయానికి మూలం లేకపోలేదు. పాతకాలంలో ఎన్2 అనే పేస్టులో పారాఫార్మాల్డిహైడ్ కావాలనే కలిపేవారు. అది వేరు దాటితే ఎముకనీ నరాన్నీ మాడ్చేసేది. దాన్ని నేను నా పేషెంట్లకి వాడను, ఎవరూ వాడకూడదనే చెబుతాను. అయితే ఇప్పటి మామూలు సీలర్ చుక్క వల్ల క్యాన్సర్ వచ్చిందనడానికి ఆధారం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1990లో స్వీడన్‌కు చెందిన షోగ్రెన్ బృందం, చికిత్సకి ముందే వేరు చివర పుండు ఉన్న పళ్లని ఎనిమిది నుంచి పదేళ్లు గమనించింది. నింపుడు వేరు చివరికి 2 మిల్లీమీటర్లలోపు ఆగినవాటిలో 94 శాతం మానాయి. వేరు దాటిపోయినవాటిలో 76 శాతమే. వేరు చివరికి 2 మిల్లీమీటర్లకంటే ఎక్కువ దూరంలోనే ఆగిపోయినవాటిలో 68 శాతం. దాటినచోట తేడా మందుదే అనుకోనక్కరలేదు. శుభ్రం చేసే సూది వేరు దాటి వెళ్లినప్పుడు లోపలి క్రిముల్ని కూడా బయటకి నెట్టేస్తుంది. అసలు శత్రువు ఆ క్రిములే. కాబట్టి ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించండి. వేరు చివర నల్లటి నీడ ఉంటే అది చిన్నదవుతుందో, పెరుగుతుందో చూడాలి. పూర్తిగా మానడానికి ఒక్కోసారి నాలుగేళ్లు కూడా పడుతుంది.

ప్రశ్న: కింది దవడలో చివరి నుంచి రెండో పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నాను. మత్తు ఇంకా వదల్లేదు. ఆరు రోజులైంది, కింది పెదవి ఆ పక్క మొద్దుగానే ఉంది, టీ తాగితే గడ్డం మీదకి కారుతోంది. నెమ్మదిగా వదులుతుందిలే అంటున్నారు ఇంట్లో.
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగొద్దని ఇప్పటికే జవాబు రాశాను. మిగతావారి కోసం ఇక్కడ చెబుతున్నాను. ఇంజెక్షన్ మత్తు కొన్ని గంటల్లో వదలాలి. మర్నాటి ఉదయానికీ పెదవి తెలియకపోతే అది మత్తు కాదు, నరానికి దెబ్బ.

కింది దవడ ఎముకలో ఒక సొరంగం ఉంటుంది, పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అందులోంచే వెళ్తుంది. కొందరిలో కింది దవడ పళ్ల వేళ్లు ఆ సొరంగాన్ని ఆనుకునే ఉంటాయి. సీలర్ అందులోకి దిగితే ఒత్తిడి ఒకవైపు, రసాయనం మరోవైపు నరాన్ని దెబ్బతీస్తాయి. సీలర్లలో ఉండే యూజినాల్, అంటే లవంగ నూనెలోని సారం, ఘాటు క్షార గుణమున్న కాల్షియం హైడ్రాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, మూడూ నరానికి పడవు.

మొదటి 24 నుంచి 48 గంటలు చాలా విలువైనవి. త్రీడీ స్కాన్ తీసి మందు ఎక్కడుందో చూసి, వాపు తగ్గించే మందులివ్వాలా, ఆపరేషన్ చేసి శుభ్రం చేయాలా అన్నది నోటి శస్త్రచికిత్స నిపుణులు తేల్చాలి. రాజమండ్రి దగ్గర జీఎస్ఎల్ డెంటల్ కాలేజీ, భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ మీకు దూరమేమీ కాదు. ఆరు రోజులు దాటినా వెళ్లండి. వెళ్లే ముందు అద్దం ముందు కూర్చుని, దూది పోగుతో తాకుతూ, స్పర్శ తెలియనిచోట పెన్నుతో గీత గీసి ఫోటో తీసుకోండి. వారం వారం ఆ గీత లోపలికి జరిగితే నరం కోలుకుంటున్నట్టే.

ప్రశ్న: మామూలు సీలర్ కన్నా బయోసిరామిక్ మంచిదని, కాస్త ఎక్కువవుతుందని చెప్పారు. అంత అవసరమా?
– భీమవరం

జవాబు: దాని వంశం 1993లో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో తొరాబినేజాద్ బృందం పరిచయం చేసిన ఎంటీఏ అనే పంటి సిమెంటుతో మొదలైంది. మూలపదార్థం మన ఇళ్లు కట్టే పోర్ట్‌ల్యాండ్ సిమెంటు జాతిదే. తేమ తగిలితేనే గట్టిపడుతుంది, బయట ఎముకతో కలిసిపోయే ఖనిజం పేరుకుంటుంది. వేరు చుట్టూ కణజాలం దీన్ని బాగా సహిస్తుందన్నది నిజం. చిక్కల్లా, మళ్లీ తెరవాల్సి వస్తే తీయడం కష్టం. మనుషుల మీద చేసిన పరీక్షల్లో మాత్రం ఎపాక్సీ సీలర్‌తో పోలిస్తే పన్ను నిలిచే విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డబ్బు తక్కువైతే ముందు రబ్బరు డ్యామ్ (ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ కప్పే రబ్బరు తెర) వేసి చేస్తారా అని అడగండి, తర్వాత దవడ పంటికి క్యాప్ వేయించండి. మిగిలితే బయోసిరామిక్. షుగరుంటే దాన్ని అదుపులో పెట్టుకోవడం సీలర్ బ్రాండు కన్నా ముఖ్యం.

ప్రశ్న: పై దవడ పంటికి రెండేళ్ల క్రితం రూట్ కెనాల్ అయింది. ఇప్పుడు ఎడమ ముక్కు ఒక్కటే కారుతోంది, వాసన వస్తోంది. జలుబు మందులు వాడినా తగ్గదు.
– కాకినాడ

జవాబు: పై దవడ పళ్ల వేళ్లకీ సైనస్ గదికీ మధ్య పలచటి ఎముకే ఉంటుంది. జింక్ ఉన్న సీలర్ ఆ గదిలోకి చేరితే దాని చుట్టూ ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండ కట్టడం వైద్యులు చాలాకాలంగా చూస్తున్నదే. ఒకవైపే కారే ముక్కుకి ఇలాంటి కారణం ఉందేమో వెతకాలి. ముక్కు డాక్టరు గారి దగ్గరకి వెళ్లేటప్పుడు పన్ను ఎక్స్‌రే కూడా పట్టుకెళ్లండి.