కష్టము పాలకుని మంచివానిగ చేయునా?

(చరిత్ర పాఠము: తల్లిదండ్రుల కొఱకు)

కష్టము పడినవానికే ఇతరుల కష్టము తెలియునని మన యిండ్లలో పెద్దలు తఱచుగా చెప్పుచుందురు. ఈ మాటను వినివిని మనము పరీక్షింపకయే నమ్ముచున్నాము. ఎన్నికలలో నిలుచువాడు తాను పేదయింట పుట్టితినని చెప్పుకొనుటయు, ఆ మాటకు మనము కరగుటయు ఈ నమ్మకము వలననే. నాలుగు దెబ్బలు తగిలినగాని బిడ్డ మనిషి కాడని కొందఱు తండ్రులు మాతో పలుకుటయు ఈ నమ్మకము వలననే. కాని కష్టము నిజముగా మనుష్యుని, అందును పదిమందిపై అధికారము గలవానిని, మంచివానిగ చేయునా? చావును కన్నులార చూచినవాడు ప్రాణులయెడ దయగలవా డగునా? మా పై తరగతుల చరిత్ర పాఠములలో ఈ ప్రశ్నను చర్చించుచుందుము. ఆ చర్చయొక్క సారమును ఈ సంచిక ద్వారా మీ ముందుంచుట యుక్తమని తలంచితిమి.

ఋషికుల్య యొడ్డున

ఈ ప్రశ్నకు ఉదాహరణము వెదకుటకు గంజాం జిల్లాలోని తెలుగువారము దూరము పోనక్కఱలేదు. ఋషికుల్య నది సమీపమున జౌగడ అను చోట అశోకుని శాసనములు గల బండ కలదు. భువనేశ్వరము చెంత దయానది దాపున ధౌలికొండపై ఇట్టివే మఱికొన్ని కలవు. అశోకుడు పట్టాభిషిక్తుడైన యెనిమిదవ యేట, అనగా రమారమి క్రీ.పూ. 261లో, కళింగమును జయించెను. ఆ యుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షా యేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు, అంతకు పలుమడుగులు ఇతరవిధముల నశించిరనియు, అందులకు తాను మిక్కిలి పరితపించితిననియు ఆయనయే పదుమూడవ శిలాశాసనమున చెక్కించెను. గెలిచిన రాజు తన గెలుపునకై దుఃఖించి, ఆ దుఃఖమును రాతిపై వ్రాయించుట లోకచరిత్రలో మిక్కిలి అరుదు.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. ఆ పదుమూడవ శాసనము కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడిలో కలదు. సౌరాష్ట్రములోని గిర్నారులో కలదు. వాయవ్యమున షాబాజ్‌గఢీలో కలదు. కాని ఏ కళింగమునందు ఆ రక్తము ప్రవహించెనో ఆ కళింగములోని ధౌలి జౌగడలలో మాత్రము అది లేదు. పదునొకటి, పండ్రెండు, పదుమూడు సంఖ్యలుగల శాసనములను అచ్చట విడిచి, వేఱుగ రెండు శాసనములను చెక్కించిరి.

దీనికి కారణమేమి? ఓడినవారి గాయమును మరల రేపరాదను జాగ్రత్త యని కొందఱందురు. ఓడినవారి యెదుట తప్పు నొప్పుకొనుటకు ప్రభుత్వమునకు చేతులు రాలేదని మఱికొందఱందురు. రెండును సంభవములే. అయితే ఆ వేఱు శాసనములలో నున్న విషయము ఇంకను ముఖ్యము. అవి తోసలిలోను, సమాపలోను ఉన్న అధికారుల నుద్దేశించినవి. ప్రజలందఱు తన బిడ్డలవంటివారని రాజు వారికి తెలుపుచున్నాడు. విచారణలో నిష్కారణముగా ఎవడును చెఱ పడరాదనియు, హింసింపబడరాదనియు ఆజ్ఞాపించుచున్నాడు. అధికారి తప్పుదారి పట్టుటకు అసూయ, కోపము, క్రౌర్యము, తొందరపాటు, సోమరితనము, అలసట మున్నగునవి కారణములని యెంచి చూపుచున్నాడు. ఈ ఆజ్ఞను తిష్యానక్షత్ర దినములందు చదివి వినిపింపవలెననియు, వినువాడొక్కడే యున్నను వినిపింపవచ్చుననియు నియమించుచున్నాడు. ఈ విధులు సరిగ జరుగుచున్నవో లేదో చూచుటకు అయిదేండ్ల కొకసారి పై అధికారిని పంపుదుననియు చెప్పుచున్నాడు.

కాబట్టి కళింగమున అశోకుడు తన కన్నీటిని గూర్చి చెప్పలేదు. చెఱసాలలను గూర్చి చెప్పెను. పశ్చాత్తాపము రాజు హృదయములోనే యుండిపోయిన ప్రజలకు దానివలన ఫలము లేదు. అది తనిఖీగా, నియమముగా, గడువుగా మాఱినప్పుడే ప్రజలకు చేరును.

పశ్చాత్తాపమునకును హద్దులు

అశోకుడు ఒక్క దినమున మాఱినాడనుటయు సరికాదు. ఉపాసకుడైన పిమ్మట మొదటి సంవత్సరమున తాను గట్టిపూనిక చూపలేదని ఆయనయే లఘు శిలాశాసనమున చెప్పుకొనెను. కష్టము ద్వారమును తెఱచును. లోనికి నడచుట నెమ్మదిగా, రోజురోజు సాధనవలన జరుగును.

ఆ మార్పునకు హద్దులును కలవు. పరితపించినను ఆయన కళింగమును తిరిగి యీయలేదు. పరితాపము నొందినను తనకు దండించు శక్తి కలదని అడవిజాతులను హెచ్చరించెను. మరణదండనను ఎత్తివేయలేదు, ఇరువదియాఱవ యేట వేయించిన స్తంభశాసనమున, మరణదండన పొందినవారికి మూడు దినముల గడువు మాత్రము దయచేసెను. ఈ సంగతులను విద్యార్థులకు దాచక చెప్పుచున్నాము. గొప్పవానిని గొప్పవానిగ చూపుటకు అతని హద్దులను చెరిపివేయ నక్కఱలేదు. ఆ మూడు దినములును చావవలసినవానికి చిన్నవి కావు.

అదే కష్టము, వేఱొక ఫలము

కష్టమే మంచితనమును పుట్టించునదైనచో రష్యా దేశపు నాలుగవ ఐవాన్ మహాదయాళువు కావలసియుండెను. ఆయన 1530లో పుట్టెను. మూడేండ్ల వయసున తండ్రిని, ఎనిమిదేండ్లు నిండకమునుపే తల్లిని కోల్పోయెను. ప్రభువర్గములవారు అధికారమునకై తమలో తాము కలహించుచు బాలుని నిర్లక్ష్యము చేసిరి. అయినను 1547లో కిరీటము ధరించిన పిదప మొదటి యేండ్లలో ఆయన మంచి పనులనే చేసెను. 1550లో క్రొత్త న్యాయసంహితను ప్రకటించెను. 1553లో ఆయనకు ప్రాణాంతకమగు జబ్బు చేసెను. తన పసిబిడ్డకు విధేయులమై యుందుమని ప్రమాణము చేయుడని మంచముమీదినుండి అడుగగా, కొందఱు ప్రభువులు వెనుకాడిరి. ఆయన కోలుకొనెను, కాని ఆ అనుమానమునుండి కోలుకొనలేదు. 1560లో ప్రియభార్య మరణించెను. విషము పెట్టిరని ఆయన నమ్మెను. 1565లో తన యిష్టమువచ్చినట్లు దండించుటకు ప్రత్యేక దళమును ఏర్పఱచెను. 1570లో నోవ్‌గొరోద్ నగరము ఆ దళముచేత నాశనమయ్యెను. 1581లో కోపమున కొట్టిన దెబ్బకు ఆయన పెద్దకుమారుడే మరణించెను.

అశోకుడును ఐవానును చావును దగ్గఱనుండి చూచినవారే. భేదమెచ్చట నున్నది? అశోకుడు చూచినది ఇతరుల చావు. దానికి కారణము తానేయని యొప్పుకొనెను. ఐవాన్ చూచినది తన చావు, తనవారి చావు. దానికి కారణము ఇతరులని నమ్మెను. ఒకే నిప్పుపై మైనము కరగును, మట్టి గట్టిపడును.

మన పురాణేతిహాసములును ఇదే చెప్పుచున్నవి. ధృతరాష్ట్రునికి పుట్టుగ్రుడ్డితనము, దానివలననే పెద్దవాడై యుండియు మొదట రాజ్యము దక్కలేదు. ఆ కొఱత ఆయనను కరుణామయుని చేయలేదు. తనకు దక్కనిది తన కుమారునికైన దక్కవలెనను ఆశను పెంచెను. ధర్మరాజునకును అరణ్యవాస కష్టము కలిగెను. నావంటి దుఃఖితుడు వేఱొక డుండునా యని ఆయన వాపోయినప్పుడు బృహదశ్వ మహర్షి నలుని కథను వినిపించెను. ఆ కథ ధర్మరాజు కష్టమును తీర్చలేదు. ఆ కష్టము తన కొక్కనికే కాదని తెలిపెను.

తనవారి హద్దు

ఇంకొక ఉదాహరణము మనకు దగ్గఱి కాలమునకు చెందినది. అమెరికా నాయకుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టునకు 1921లో, ముప్పదితొమ్మిదవ యేట, పోలియో యని వైద్యులు నిర్ణయించిన జబ్బుచే కాళ్లు చచ్చుపడెను. సంపన్న కుటుంబములో పుట్టిన ఆయనకు, ఇతరుల సహాయము లేక లేచి నిలువలేని స్థితి యేమో తెలిసెను. జార్జియా రాష్ట్రములోని వార్మ్ స్ప్రింగ్స్‌లో అట్టి రోగుల చికిత్సకై 1927లో ఒక సంస్థను స్థాపించెను. 1933లో అధ్యక్షుడయ్యెను. 1935లో వృద్ధులకును నిరుద్యోగులకును ఆసరానిచ్చు సామాజిక భద్రతా చట్టముపై సంతకము చేసెను. కష్టము పాలకుని మంచివానిగ చేయుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల యనిపించును.

కాని ఆ చేతితోనే ఆయన 1942 ఫిబ్రవరిలో వేఱొక ఆజ్ఞపై సంతకము చేసెను. దాని ఫలితముగా జపాను సంతతివారు దాదాపు 1,20,000 మంది తమ యిండ్లు, అంగళ్లు, పొలములు విడిచి ముళ్లకంచెల శిబిరములకు పోవలసివచ్చెను. వారిలో మూడింట రెండువంతులు అమెరికా పౌరులే. తన కాళ్ల బాధ ఆయనకు రోగుల బాధను నేర్పినది; రూపము వేఱైన యిరుగుపొరుగువారి బాధను నేర్పలేదు. కష్టము నేర్పు దయ తఱచుగా మనవారి గుమ్మముకడనే ఆగిపోవును. ఆ గుమ్మము దాటించుటకు కష్టము చాలదు. విద్యయు, విచారణయు కావలెను.

కష్టము వారసత్వముగా రాదు

క్రీ.శ. 161 నుండి 180 వఱకు రోమును పాలించిన మార్కస్ అరీలియస్ జీవితమునుగూడ తల్లిదండ్రులు ఎఱుగవలెను. ఆయన కాలమున మహామారి వ్యాపించెను. సరిహద్దులలో యుద్ధములు తెగలేదు. ఆయన బిడ్డలు పలువురు చిన్నతనముననే చనిపోయిరి. తాను నేడో రేపో పోవువాడనని స్మరించుచు, తన్ను తాను సరిదిద్దుకొనుటకై గ్రీకుభాషలో వ్రాసికొనిన మాటలు నేటికిని చదువబడుచున్నవి. మరణస్మరణ ఆయనకు మేలే చేసినది. కాని ఆయన కుమారుడు కమ్మోడస్ రాజభవనమున పుట్టి పెరిగి, తండ్రి తరువాత క్రూరుడై, 192లో హత్యకు గుఱియయ్యెను. తండ్రి పడిన వ్యథ, తండ్రి తెచ్చుకొనిన జ్ఞానము కుమారునికి సంక్రమింపలేదు. ఆస్తి వీలునామాతో వచ్చును, అనుభవము రాదు.

మన నిర్ణయము

ఈ ఉదాహరణములనుండి మేము గ్రహించిన దిది. కష్టము పాలకుని మంచివానిగను చేయదు, చెడ్డవానిగను చేయదు. అతనిని ఒక ప్రశ్న యడుగును. నా బాధకు ఎవరు కారణమని అతడు వెదకినచో ఐవాన్ మార్గము. నావలన ఎవరు బాధపడుచున్నారని వెదకినచో అశోకుని మార్గము. ఆ రెండవ ప్రశ్న నిలుచుటకు మూడు ఆధారములు కావలెను: నిజము చెప్పువారిని దగ్గఱ నుంచుకొనుట, దుఃఖమును నియమముగా మార్చుట, దయను తనవారికంటె దూరమునకు పంపుట. తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను ప్రజల సంగతులను వెంటనే తెలుపవలెనని అశోకుడు తన వార్తాహరులను ఆజ్ఞాపించుట ఈ మొదటి ఆధారము కొఱకే.

ఇది రాజుల సంగతి, మనకేల యని తలంపకుడు. మన బిడ్డలలో రేపు ఒకడు తహశీల్దారు కావచ్చును, ఒకతె బడి పెద్ద కావచ్చును, ఒకడు పదిమంది పనివారుగల అంగడి నడుపవచ్చును. ప్రతివాని చేతిలోను కొంత అధికారము పడకమానదు. పాఠశాలలో మేము చూచుచున్నదేమన, క్రింది తరగతిలో పెద్దవారిచే బాధలు పడిన బాలురే తరగతి నాయకులైనప్పుడు కొందఱు చిన్నవారిని అంతకంటె ఎక్కువగ బాధించుచున్నారు. కొందఱు చిన్నవారికి అడ్డము నిలుచుచున్నారు. ఇరువురు పడిన కష్టమొక్కటే. నేను పడితిని గావున వీడును పడవలెనని యొకడు, నేను పడితిని గావున వీడు పడరాదని యొకడు. ఈ రెండు వాక్యములలో ఏది బిడ్డ నోట వచ్చునో అది చాలవఱకు ఇంటిలో వాడు వినుమాటలను బట్టి యుండును.

మనము భాషాల్పసంఖ్యాకులము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడి గంజాం అందు చేరినది మొదలు, మాతృభాషలో చదువు నిలుపుకొనుటకు మన పెద్దలు శ్రమపడిరి. పుస్తకములకై, ఉపాధ్యాయులకై అర్జీలు వ్రాయుట యెట్టిదో మనమెఱుగుదుము. ఎల్ల దాటినంతనే, శ్రీకాకుళము జిల్లా ఇచ్ఛాపురము ప్రాంతమున, ఒడియా మాటలాడు కుటుంబములు కలవు. అచ్చట సంఖ్యలో అధికులు మనవారు. ఆ బిడ్డల పుస్తకములు వేళకు వచ్చినవో లేదో యని మనలో ఎంతమంది యడిగితిమి? మన కష్టము మనకేమి నేర్పినదో తెలిసికొనుటకు ఇంతకంటె సూటియైన పరీక్ష లేదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి. బిడ్డకు కష్టమును కొని తేవలదు. అది పిలువకయే వచ్చును. మీరు పడిన కష్టములను దాచనువలదు, ఇంట చెప్పుడు. అయితే మనకు అన్యాయము చేసినవారి పేర్లతో కథను ముగింపక, ఆనాడు మనకు తోడు నిలిచినవారిని గూర్చియు, నేడు మనము ఎవరికి తోడు నిలువవలెనో అదియు చెప్పుడు. ఇంటిలో చావు కలిగినప్పుడు పిల్లలను దూరముగ పంపివేయక, వారి వయసునకు తగినట్లు నిజము తెలుపుడు. వీలైన సెలవుదినమున వారిని జౌగడకు తీసికొనిపోయి ఆ బండను చూపుడు.

ఇంట చర్చింపదగిన ప్రశ్నలు

1. కళింగములో పదుమూడవ శాసనము చెక్కింపకపోవుట మీకు దయగా తోచుచున్నదా, భయముగా తోచుచున్నదా?

2. మరణదండన పొందినవానికి మూడు దినముల గడువు ఏల యుపయోగపడును?

3. మన కుటుంబము పడిన కష్టములలో, మఱొక కుటుంబము పడకుండ మనము ఆపగలిగిన దేది?