దిగువ చెరువు నుంచి ఎగువకు – సాఫ్ట్‌వేర్ సవరణలను తిరిగి పంపే విధానం

పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాలలో గొలుసుకట్టు చెరువుల సంగతి మనకు తెలిసినదే. ఎగువ చెరువు నిండి అలుగు పారితేనే దిగువ చెరువుకు నీరు. పైన కట్టకు గండి పడితే, కింది రైతు తన కాలువ ఎంత బాగు చేసుకున్నా ఏం లాభం? ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇటువంటి సమస్యే ఉన్నది.

అనేక ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్‌ను లైబ్రరీ అంటారు. ఉదాహరణకు ‘హార్ఫ్‌బజ్’ అనే లైబ్రరీ అక్షరాలకు గుణింతాలను, వత్తులను సరైన చోట కూర్చుతుంది. ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ దీనినే వాడుకుంటాయి. ఇటువంటి లైబ్రరీకి సొంత ప్రతి తీసుకొని మార్చుకుంటే అది ‘ఫోర్క్’. ఆ మార్పును విడిగా చూపే చిన్న కోడ్ ముక్క ‘ప్యాచ్’.

మన ప్రతిలో తప్పు దిద్దుకున్నాం, పని జరిగింది, ఇక చాలదా? చాలదు. అసలు లైబ్రరీ ముందుకు సాగుతూనే ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మన సవరణను మళ్ళీ అతికించాలి. ఏడాది తిరిగేసరికి రెండు ప్రతులకూ పొంతన ఉండదు, శ్రమ మాత్రం వడ్డీలాగా పెరుగుతుంది. జీపీఎల్ లైసెన్సు ఉన్నచోట, మార్చిన ప్రోగ్రామును ఇతరులకు పంచితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. కాని మూల రచయితకు తిరిగి పంపి తీరాలని ఆ లైసెన్సు కూడా చెప్పదు. అది మన వివేకానికి సంబంధించిన విషయం.

2018 ఫిబ్రవరిలో జరిగినది గుర్తు చేసుకుందాం. ‘జ్ఞా’ అనే మన అక్షరం ఒక ప్రత్యేక కోడ్ వరుసలో వస్తే ఐఫోన్లలో కొన్ని యాప్‌లు ఆగిపోయాయి. ఆ కోడ్ బయటివారికి తెరిచి లేదు గనుక తెలుగువారు ఎంత మంది ఉన్నా దిద్దలేకపోయారు. ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసిన తర్వాతనే బాధ తీరింది. తెరిచి ఉన్న కోడ్‌లో తప్పు కనబడితే మనమే దిద్ది పంపవచ్చు.

ఇక పద్ధతి. మొదట ఆ తప్పును ఇదివరకే ఎవరైనా తెలియజేశారేమో చూడాలి. లైబ్రరీ వారి నియమాలు చదవాలి. తాజా ప్రతి నుంచి ‘గిట్’లో వేరే బ్రాంచి తీసి, ఒక ప్యాచ్‌లో ఒకే సవరణ ఉంచాలి. మన సొంత అవసరానికి చేసిన ఇతర మార్పులను అందులో కలపరాదు. తప్పును పట్టిచూపే పరీక్ష ఒకటి జతచేయాలి: సవరణకు ముందు అది విఫలం కావాలి, తర్వాత నెగ్గాలి. ఏమి మార్చామో, ఎందుకు మార్చామో నాలుగు వాక్యాలలో రాయాలి. అప్పుడు ‘పుల్ రిక్వెస్ట్’ పంపాలి.

నిర్వాహకులు ప్రశ్నలు వేస్తారు, తిరగరాయమంటారు. అందుకు చిన్నబుచ్చుకోరాదు. ఒకసారి చేర్చుకున్న కోడ్‌ను ఇకపై చూసుకోవలసిన భారం వారిదే గదా! కాదంటే కారణం తెలుసుకోవాలి. అవసరమైతే మన ఫోర్క్‌లో ఉంచుకొనే హక్కు ఎలాగూ ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! వత్తు తప్పుచోట పడితే తెలుగు రాని ప్రోగ్రామరు కంటికి అది కనబడదు, మనకు ఇట్టే కనబడుతుంది. మరి ఆ తప్పును ఎగువకు చేర్చే బాధ్యత మనది కాక ఎవరిది? ఈ సెలవుల్లో ఒక్క చిన్న సవరణతో మొదలుపెట్టండి.