బందీని అవమానించడమూ యుద్ధ నేరమే

యుద్ధం అనగానే మనం మరణించినవారి లెక్క అడుగుతాం. ప్రాణాలతో పట్టుబడి శత్రువు చేతిలో నిస్సహాయంగా ఉన్నవారి సంగతి వెంటనే గుర్తుకు రాదు. చంపకపోయినా, వారి బట్టలూడదీసి, తిట్టి, గుంపు ముందు నిలబెడితే అది నేరమా? ముమ్మాటికీ నేరమే. అయితే ఆ మాట స్పష్టంగా చెప్పడానికి ప్రపంచానికి చాలా కాలం పట్టింది.

నిషేధం వేరు, శిక్ష వేరు

1949 ఆగస్టు 12న నాలుగు జెనీవా ఒడంబడికలు కుదిరాయి. నాలుగింటిలోనూ 3వ అధికరణం ఒక్కటే. అది ఒక దేశం లోపల జరిగే సాయుధ పోరాటాల కోసం రాసినది. ఆయుధం దించినవారిని, గాయపడినవారిని, బందీలను, పోరాటంలో పాల్గొనని సామాన్యులను హింసించరాదని, అవమానించరాదని, కించపరచరాదని అది ఆదేశిస్తుంది. కానీ అందులో శిక్ష మాట లేదు. గోడ మీద రాసిన నియమం వేరు, దాన్ని మీరితే జవాబు చెప్పుకోవలసి రావడం వేరు. ఉపాధ్యాయులుగా మాకిది రోజూ అనుభవమే.

ఈ లోటు 1990లలో తీరింది. మాజీ యుగోస్లావియాలో జరిగిన నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1993లో ట్రిబ్యునల్‌ను నెలకొల్పింది. అంతర్యుద్ధంలో 3వ అధికరణాన్ని ఉల్లంఘించినా ఆ వ్యక్తి స్వయంగా శిక్షార్హుడేనని, టాడిచ్ కేసులో ఆ ట్రిబ్యునల్ అప్పీలు ధర్మాసనం 1995లో తేల్చింది. 1998 నాటి రోమ్ శాసనం 8వ అధికరణం వ్యక్తి గౌరవానికి భంగం కలిగించే చర్యలను యుద్ధ నేరాల జాబితాలో చేర్చింది.

రెండు కేసులు

మొదటిది కావోనిక్. బోస్నియాలోని బుసోవాచా దగ్గరి ఈ జైలులో 1993లో బోస్నియా ముస్లిములను క్రొయేట్ దళాలు నిర్బంధించాయి. వారిని కొట్టారు, వారిచేత కందకాలు తవ్వించారు, తూటాలకు అడ్డుగా నిలబెట్టారు. జైలు అధికారి జ్లాట్కో అలెక్సోవ్‌స్కీ బందీల గౌరవానికి భంగం కలిగించిన నేరానికి దోషి అని 1999లో తీర్పు వచ్చింది. మొదట రెండున్నరేళ్ల శిక్ష విధించారు. నేర తీవ్రతకు అది చాలదని అప్పీలులో 7 ఏళ్లకు పెంచారు.

రెండవది చెలెబిచి. ఇక్కడ 1992లో బందీలు సెర్బులు. కావలివారు బోస్నియా ముస్లిములు, క్రొయేట్లు. హత్య, చిత్రహింస, అమానుష ప్రవర్తన వంటి నేరాలకు 1998 నవంబరు 16న ముగ్గురికి శిక్ష పడింది. వారిలో ఇద్దరు ముస్లిములు.

ఈ రెండవ కేసు చదవడం మనకు కష్టంగానే ఉంటుంది. అయినా పాఠం ఉన్నది అక్కడే. మనవారు బాధితులైనప్పుడు కోరే న్యాయాన్ని, మనవారు దోషులైనప్పుడూ కోరగలగాలి. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలతో మంచిగా మెలగమని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పారని, చదువు వచ్చినవారిని పిల్లలకు చదువు నేర్పితే విడిచిపెట్టారని చరిత్రకారులు రాశారు. ఆ ఖైదీలు మనవారు కారు, శత్రువులు.

మన దేశంలో

భారతదేశం 1950లో జెనీవా ఒడంబడికలను ఆమోదించి, 1960లో చట్టం చేసింది. రక్షణ పొందిన వ్యక్తిని కావాలని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం, ఇతర తీవ్ర ఉల్లంఘనలకు 14 ఏళ్ల వరకు జైలు అని అది చెబుతుంది. చిత్రహింస, అమానుష ప్రవర్తన ఆ ఉల్లంఘనల్లో ఉన్నాయి. కానీ 3వ అధికరణం నిషేధించిన అవమానాలకు ఆ చట్టంలో ప్రత్యేక శిక్ష లేదు. రోమ్ శాసనంలో మన దేశం చేరలేదు.

మన వంతు

యుద్ధ ఖైదీలను జనం వింతగా చూసేలా ప్రదర్శించరాదని మూడవ జెనీవా ఒడంబడిక 13వ అధికరణం అంటుంది. నేడు ఆ ప్రదర్శన మన చేతిలోని ఫోనులోనే జరుగుతోంది. చేతులు కట్టి మోకాళ్లపై కూర్చోబెట్టిన మనిషి వీడియో వస్తే, అతడు ఏ పక్షంవాడైనా సరే, దాన్ని మరొకరికి పంపకుండా ఆపుదాం. యుద్ధ బాధితులకు మనం పంపే అన్నం, మందు ఎంత అవసరమో, వారి పరువు కాపాడటమూ అంతే అవసరం. దీనికి చందా అక్కరలేదు, సంకల్పం ఉంటే చాలు.