మంగళగిరి ఆఫీసు తెరిచే ముందు

విశాఖపట్నం,
అక్టోబరు చివరి వారం.

చిట్టితల్లికి,

నువ్వు పంపిన కాగితాలన్నీ తీరిగ్గా చదివాను. మంగళగిరిలో రెండో ఆఫీసు, అపార్ట్‌మెంట్లకు ఏడాది కాంట్రాక్టులు, వాటర్‌ప్రూఫింగ్‌కు పదేళ్ల గ్యారంటీ, బ్యాంకు లోను, రెండు కొత్త వ్యాన్లు, వాటి మీద సిలువ, దాని కింద ఒక బైబిలు వాక్యం. బాగుందో లేదో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఒక్క ముక్కలో తేలేది కాదు గనక రాస్తున్నాను.

వ్యాపారం పెరగాలి. అందులో నాకేమీ సందేహం లేదు. మీ తాతయ్య సున్నం నానబెట్టి, గుడ్డలో వడగట్టి, బంకా నీలిమందూ కలుపుకుని ఇంటింటికీ తిరిగి వెల్ల వేశాడు. మీ నాన్న దాన్ని డిస్టెంపర్లకు, ఎమల్షన్లకు, స్లాబు లీకేజీలకు తీసుకొచ్చాడు. నువ్వు సివిల్ చదువుకుని వచ్చావు. 2015లో అమరావతికి శంకుస్థాపన అయిన రోజుల్లో మంగళగిరి, తాడేపల్లి వైపు కట్టిన అపార్ట్‌మెంట్లు ఇప్పుడు రిపేర్లకు వచ్చే వయసులో ఉన్నాయి. పని ఉంది. నీకు చేతనవుతుంది కూడా.

నాకు మనసొప్పనిది వ్యాను మీది సిలువ. విశ్వాసం దాచుకోమని కాదు నేననేది. మనం ఎవరమో గుంటూరులో మన ఇల్లెరిగిన వాళ్లందరికీ తెలుసు. కానీ సిలువ చూసి పనిచ్చే మనిషి మన పని చూసి ఇవ్వడం లేదు. కొటేషన్ చదవడు, ఎన్ని కోటింగులు వేస్తారో అడగడు, “మనవాళ్లేలే” అని అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాడు. రేపు ఆ గోడ పెచ్చులూడితే అతనికి పోయేది డబ్బు ఒక్కటే కాదు, మన మీద వచ్చిన కోపం దేవుడి దాకా పోతుంది. అంత బరువు మోయగల పనితనం ప్రతి సైటులో, ప్రతి మేస్త్రీ చేతిలో ఉందని నువ్వు చెప్పగలవా? ఒక్క ఊళ్లోనే పని పెట్టుకుని, రోజూ ప్రతి గోడా తడిమి చూసుకున్న మీ నాన్న కూడా బోర్డు మీద వాక్యం రాయించలేదు.

మన పనిలో దేవుడి మాట ఎక్కడుండాలో బైబిల్లోనే ఉంది. లేవీయకాండం 14వ అధ్యాయం వచ్చేసరికి చాలామంది గబగబా పేజీలు తిప్పేస్తారు. నువ్వు మాత్రం ఇంజనీరు కళ్లతో చదువు. ఇంటి గోడలో పచ్చగానో ఎర్రగానో మచ్చలు లేస్తే ఏం చేయాలో అందులో ఉంది. ఇంటాయన వెళ్లి యాజకుడికి చెప్పుకోవాలి. ఆయన వచ్చి చూసి, ఏడు రోజులు ఇల్లు మూయించాలి. ఏడో రోజు మళ్లీ వచ్చినప్పుడు మచ్చ పాకి ఉంటే ఆ రాళ్లు ఊడదీయించి, లోపలి గోడలన్నీ గీకించి, ఆ పెళ్లలు ఊరి బయట పోయించాలి. వేరే రాళ్లు పెట్టి కొత్తగా పూత పూయించాలి. అప్పటికీ మచ్చ తిరిగొచ్చిందంటే ఇల్లే పడగొట్టాలి. పైన రంగు వేసి కప్పెయ్యమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. బలం లేని గోడకు పైపూత పూసేవాళ్ల మీద యెహెజ్కేలు 13వ అధ్యాయం ఎంత నిప్పులు కురిపించిందో అదీ చదువు.

మన కోస్తాలో ఈ మాట అక్కరకొచ్చేది సరిగ్గా ఇప్పుడే. అక్టోబరు, నవంబరుల్లో వానలు, వాయుగుండాలు. డిసెంబరు 25 లోపల ఇల్లంతా కళకళలాడాలని మన వాళ్లు, అది కాగానే సంక్రాంతికని మిగతావాళ్లు. గోడ ఆరలేదు, ఇంటివాళ్లు ఆగరు. రంగుల పనిలో ఉన్నవాడికి ఏడాదంతటికీ పెద్ద రాబడి ఈ రెండు పండగల ముందే. అందుకే మన నిజాయితీ తేలేదీ ఇప్పుడే.

నీకు తెలిసిందే అయినా మళ్లీ చెబుతాను, కొత్త ఆఫీసులో పెట్టుకునే కుర్రాళ్లకు నువ్వే చెప్పాలి గనక. అడుగు పొడుగూ అడుగు వెడల్పూ ఉన్న పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపు వేసి ఒక రాత్రీ పగలూ ఉంచమను. తీసి చూస్తే గోడవైపు చెమ్మ పట్టి ఉంటే తడి గోడలోనిది. గదివైపు పట్టి ఉంటే అది గాలిలోని తేమ, దానికి కిటికీ తెరవడం చాలు, మన కోటింగు అక్కర్లేదు. నేల నుంచి మోకాలెత్తు దాకా ఉప్పు పొంగి తెల్లగా రాలుతుంటే పునాది దగ్గర నెమ్మును ఆపే పొర లేదు, లేదా పాడైంది. బాత్రూం వెనక గోడ నడిమధ్య తడిస్తే పైపు చూడాలి, నానీ ట్రాప్ చుట్టూ చూడాలి, టైల్స్ సందుల్లో గ్రౌటు చూడాలి. సీలింగు అంచున మరక పడితే పిట్టగోడా స్లాబూ కలిసే మూల చూడాలి. ఏ కంపెనీ లప్పమైనా సరే, కారణం పట్టుకోకుండా పూస్తే పొక్కులు లేవక మానవు. కొత్తగా ప్లాస్టరింగు చేసిన గోడైతే 28 రోజులు ఆరనివ్వు.

1842లో మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మిషన్ వాళ్లు కట్టిన పాత బంగళాల్లాంటివి ఎప్పుడైనా నీ చేతికి వస్తే ఇంకా జాగ్రత్త. సున్నంతో కట్టిన గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే తడికి బయటికి దారి లేక లోపలే ఉండిపోయి ఇటుకను తినేస్తుంది. అలాంటి గోడకు సున్నమే వేయాలి. చేసే మేస్త్రీ దొరకకపోతే పని వదులుకో.

“ఈ గోడకు జనవరి దాకా రంగు వేయకూడదండీ” అని చెప్పి అడ్వాన్సు వెనక్కిస్తే, ఆ మాటలో వ్యాను మీది వాక్యంకంటే ఎక్కువ సాక్ష్యం ఉంది. ఆ ఇంటివాళ్లు ఇంకొకరి చేత వేయించుకోవచ్చు, వేయించుకోనీ. మీ నాన్న అలా వదిలేసిన పనులు నేను రాసిన పద్దుల్లో చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఏడాది తిరక్కుండా మన దగ్గరికే వచ్చాయి, కొన్ని రాలేదు. రానివాటికి ఆయన బాధపడటం నేను చూడలేదు.

ఇక పదేళ్ల గ్యారంటీ. కోటింగు కంపెనీ ఇచ్చే మాట డబ్బాలో ఉన్న సరుకుకు. స్లాబు మీద పగుళ్లు విప్పి, కడిగి, ఆరబెట్టి, మూలలు నింపి రెండు కోట్లు పడ్డాయా లేదా అన్నదానికి పూచీ మనది. అసోసియేషన్ సెక్రటరీ చూస్తుండగా టెర్రస్ మీద మడికట్టి, కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాటు సీలింగు చూసుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. తర్వాత ఎవరో డిష్ బిగించడానికి టెర్రస్‌కు రంధ్రాలు వేస్తే పూచీ చెల్లదని ముందే తెలుగులో రాసివ్వు.

అసలు ఎంత పెరగాలన్నదానికి నేను చూసే లెక్క ఒకటే. వారం రోజులు నువ్వు తొంగిచూడకపోయినా రెండో కోటు నిజంగా పడుతుందని నువ్వు నమ్మగల మేస్త్రీలు ఎంతమంది? ఆ సంఖ్యే నీ వ్యాపారం. లోను ఎంతొస్తుంది, ఎన్ని ఫోన్లు వస్తున్నాయి అన్నవి దాని తర్వాత. మంగళగిరికి ముందు ఒక మేస్త్రీని పంపు, ఆఫీసు తర్వాత తెరవచ్చు. మన దగ్గర చిన్నప్పుడు కుంచెలు కడిగిన కుర్రాడే ఇప్పుడు అక్కడ నిలబడగలిగితే నాకు ఎంతో సంతోషం.

ఆడపిల్ల పరంజాలెక్కి మేస్త్రీలకు చెప్పడమేమిటని గుడిలో ఎవరో అన్నారట, మీ అమ్మ చెప్పింది. అపొస్తలుల కార్యాలు 18వ అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల భార్యాభర్తలిద్దరూ డేరాలు కుట్టేవాళ్లే. కొరింథులో పౌలు వాళ్లింట్లో ఉండి వాళ్లతో కలిసి పనిచేశాడు. అలా అన్నవాళ్లకు అదే చెప్పు.

డబ్బు సంగతి. ఈ వ్యాపారాన్ని ముంచేది నష్టాలు కాదమ్మా, అడ్వాన్సులు. ఒకరి దగ్గర తీసుకున్న అడ్వాన్సుతో ఇంకొకరి ఇంటికి టైల్స్ కొంటారు, వాళ్లది పూర్తి చేయడానికి మూడో ఇల్లు ఒప్పుకుంటారు. పైకి పెరుగుతున్నట్టే ఉంటుంది. ఒక్క నెల కొత్త పని రాకపోతే అన్ని ఇళ్లూ సగంలో ఆగిపోతాయి. ప్రతి ఇంటికీ వేరే పేజీ ఉండాలి. ఆ ఇంటి డబ్బు ఆ ఇంట్లో పని జరిగేదాకా మనది కాదు. జీఎస్టీ కింద వసూలు చేసింది అసలే మనది కాదు. దశమభాగం లెక్క కట్టేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకో. వచ్చిన మొత్తంలో పదోవంతు తీసి కానుక పెట్టెలో వేసి, శనివారం కూలీలకు సోమవారం రమ్మని చెప్పేవాళ్లను చూశాను. ముందు కూలి, తర్వాత సరుకు షాపు, పన్ను. మిగిలినదాంట్లో దేవుడి భాగం.

రంగు డబ్బాల్లో పెయింటర్లకు వచ్చే టోకెన్లు పెయింటర్లనే తీసుకోనీ. టోకెన్ ఎక్కువనే కారణంతో మాత్రం ఆ రంగు ఏ ఇంటికీ చెప్పకు.

గుడివాళ్లు తగ్గించమంటారు. అందరికీ ఒకే రేటు పెట్టు, చదరపు అడుగుకు ఇంత అని. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో క్వేకర్లనే భక్తులు, తగ్గించడానికని ఎక్కువ చెప్పడం అబద్ధమాడటమేనని, దుకాణాల్లో బేరం లేకుండా ఒకే ధర పెట్టారు. మన గుడికి ఉచితంగా రంగు వేయాలనిపిస్తే తప్పకుండా వెయ్యి. కానీ మొత్తం బిల్లు రాసి, అది మన కానుక అని పద్దులో చూపించు. ఆ పని చేసిన పెయింటర్ల కూలి మాత్రం పూర్తిగా ఇవ్వు. కానుక మనది, వాళ్లది కాదు.

కూలి పొద్దుగుంకక ముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. అదే పుస్తకం 22వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది: కొత్త ఇల్లు కడితే మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ ప్రాణం ఇంటివాడి మీద ఉంటుంది. అపార్ట్‌మెంటు బయటి గోడకు తాళ్ల మీద వేలాడుతూ రంగు వేసే కుర్రాడికి పిట్టగోడ ఏదీ? అతని నడుముకు కట్టే బెల్టే. నీ లోను కాగితాల్లో వ్యాన్లున్నాయి, బెల్టులూ మంచి పరంజా గొట్టాలూ లేవు. ముందు అవి కొను. పాత తలుపుల ఎనామిల్ పొడిగా గీకనివ్వకు, నీళ్లు చల్లి గీకించు, ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందు వేసిన వాటిలో ఎంతుందో పైకి కనబడదు.

భవన నిర్మాణ కార్మికుల బోర్డులో మనవాళ్లందరి పేర్లూ నమోదు చేయించు. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లకు అది హక్కు. ఆ 90 రోజుల కాగితం మనం రాసివ్వకపోతే వాళ్లు ఎక్కడికి పోతారు?

ఆదివారం సైటు చూపించే పని పెడతానన్నావు, ఉద్యోగస్తులు ఆ రోజే ఇంట్లో ఉంటారని. వద్దు. శనివారం సాయంత్రం వెళ్లు, పొద్దున్నే ఏడింటికి వెళ్లు. కానీ ఒకటి ఆలోచించు: ఆదివారం సెలవు మనకు విశ్రాంతి, రోజుకూలీకి పస్తు. ఏడాదిగా మన దగ్గరే ఉన్నవాళ్లకైనా ఆ రోజు కూలి కట్టివ్వడం మొదలుపెట్టు. లాభం తగ్గుతుంది, తగ్గనీ. మన దగ్గర పనిచేసే మస్తాన్‌లకూ శ్రీనుగార్లకూ మన ప్రార్థనలో నిలబడాలన్న షరతు ఏనాడూ లేదు, నువ్వూ పెట్టకు. శుక్రవారం నమాజుకు వెళ్లేవాళ్లను వెళ్లనీ. దసరాకు తాపీ, రంపం కడుక్కుని బొట్టు పెట్టుకుంటామంటే అవి వాళ్ల చేతి పనిముట్లు, వాళ్ల ఇష్టం. మనల్ని చెయ్యమని వాళ్లు అడగరు, వాళ్లను మానమని మనం అడగం. మీ తాతయ్య రోజుల నుంచీ ఇలాగే ఉంది, ఎవరి విశ్వాసానికీ చిన్నతనం రాలేదు.

లోను కాగితాల మీద ఇంకా సంతకం పెట్టకు. ముందుగా డిసెంబరు పనుల పట్టిక నాకు పంపు, ప్రతి ఇంటి పేరు పక్కన గోడ పొడిగా ఉందో తడిగా ఉందో రాసి. తడి ఉన్నవాళ్లకు జనవరి అని నువ్వు చెప్పలేకపోతే, వాళ్లలో సగంమంది నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్లే, నేను ఫోన్ చేసి చెబుతాను.

మీ అత్త