నేల కింద పెట్రోలు జాడ

అమెరికాలో పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున శాంటా మోనికా అనే పట్టణం ఉంది. 1996లో ఆ పట్టణం తన తాగునీటి బావుల్లో చాలావాటిని మూసివేయవలసి వచ్చింది. ఊరికి అందే నీటిలో సుమారు సగం పోయింది. భూమిలో పాతిన పెట్రోలు ట్యాంకులు, గొట్టాలు కారడమే కారణం. ట్యాంకులు ఒకచోట, బావులు మరొకచోట. మరి పెట్రోలు అంతదూరం ఎలా వెళ్లింది?

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. గాజుగ్లాసు నిండుగా ముతక ఇసుక పోసి, సగం ఎత్తుదాకా నీళ్లు నింపండి. పసుపు కలిపిన వంటనూనె నాలుగు చెంచాలు అంచు వెంబడి మెల్లగా పోయండి. నూనె ఇసుక సందుల్లోంచి దిగి, నీటిమట్టం దగ్గర ఆగి పక్కలకు పరుచుకుంటుంది. కొంత దారిలోనే రేణువులకు అంటుకుపోతుంది. (పెట్రోలుతోగాని కిరసనాయిలుతోగాని ఈ ప్రయోగం చేయకండి.)

పెట్రోలు కూడా నీటికన్నా తేలికే. కాని అది అనేక ద్రవాల మిశ్రమం. అందులోని బెంజీన్ లీటరు నీటిలో 1.8 గ్రాముల వరకు కరుగుతుంది. కొద్దే కదా అనుకోకండి! బెంజీన్ క్యాన్సర్ కలిగించే పదార్థం. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. లీటరు పెట్రోలులో నూటికి ఒక వంతు, అంటే 10 మిల్లీలీటర్ల బెంజీన్ ఉందనుకుందాం. దాని బరువు సుమారు 8.8 గ్రాములు. అదంతా కరిగితే 8 లక్షల 80 వేల లీటర్ల నీరు ఆ హద్దుకు చేరుతుంది. లెక్క మీరే కట్టి చూడండి.

శాంటా మోనికాలో అసలు దోషి పెట్రోలు బాగా మండడానికి కలిపిన ఎం.టి.బి.ఇ. అనే ద్రవం. అది బెంజీన్‌కన్నా ఇరవై రెట్లకు పైగా కరుగుతుంది. నేలలోని సూక్ష్మజీవులు బెంజీన్‌ను తినివేస్తాయిగాని దీన్ని అంత సులభంగా ముట్టవు. అందుకే నీటి వెంట దూరం పోయింది.

ఇటువంటి చోట పరిశోధకులు మొదట బంకు లెక్కల పుస్తకం అడుగుతారు. వచ్చిన పెట్రోలులోంచి అమ్మినది తీసివేస్తే మిగలవలసినంత ట్యాంకులో ఉందా అని కొలబద్ద దించి చూస్తారు. తరువాత చుట్టూ బోర్లు వేసి వేర్వేరు లోతుల్లో మట్టి తీస్తారు. ఆ మట్టిని వెంటనే సీసాలో వేసి మూత బిగించి చల్లగా ఉంచాలి. లేకపోతే బెంజీన్ ఆవిరైపోయి, చెడిన మట్టి మంచిదిగా తేలుతుంది!

నీరు ఎటు పోతోందో కనుక్కోవడంలోనే అసలు తెలివి ఉంది. దీనికి ఒకే వరుసలో లేని మూడు బావులు చాలు. నేలనుంచి నీటి లోతు కొలిచి ఊరుకుంటే పొరపాటే, ఎందుకంటే నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది. సముద్రమట్టం నుంచి నీటి ఎత్తు లెక్కించాలి. క బావిలో 100.0 మీటర్లు, ఖ బావిలో 99.8, గ బావిలో 99.6 అనుకోండి. పటం మీద క, గ లను కలిపే గీత మధ్యబిందువు దగ్గర 99.8 ఉండాలి. ఆ బిందువును ఖ తో కలపండి. ఈ గీత పొడవునా నీటిమట్టం ఒకటే. నేలంతా ఒకే రకం ఇసుకైతే, గీతకు లంబంగా గ వైపు గీసిన బాణమే నీరు పారే దిక్కు. కలుషితమైన నీటిని అటువైపు వెతకాలి.

పెద్ద మోటార్లతో ఊరి బావులు తోడుతుంటే నీటిమట్టం వాటివైపు వాలిపోతుంది, బాణమూ అటే తిరుగుతుంది. తాగేనీటి బావికి ముప్పు ఇక్కడే ఉంది.

కాలిఫోర్నియాలో 2004 నుంచి ఎం.టి.బి.ఇ. వాడకం ఆగిపోయింది. శాంటా మోనికా ముఖ్యమైన బావుల నీటిని ఉత్తేజిత బొగ్గుతో శుద్ధిచేసి ఊరికి ఇవ్వడం మళ్లీ 2010లోగాని మొదలుకాలేదు.

ఇప్పుడు మీ వంతు. క లో 52.4 మీటర్లు, ఖ లో 51.6, గ లో 52.0. మూడు చుక్కలు మీకు తోచినట్లు పెట్టి, బాణం గీయండి.