ముహూర్తానికి ముందు ఒక మాట

బుజ్జీ,

మాఘంలో ముహూర్తం కుదిరిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వెనకే నీ మెసేజ్: పెళ్లిలోపు ఎరియోలా తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటానని, అమ్మకి చెప్పొద్దని. చెప్పనులే. కానీ ఈ పిన్ని మాట విను.

చనుమొన చుట్టూ ఉండే ఆ ముదురు వలయం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. పెద్దగా ఉండటం జబ్బు కాదు. ఎవరో ఏదో అనుకుంటారనైతే ఆ ఆలోచన మానెయ్. నీకే కావాలంటే సరే, అన్నీ తెలుసుకుని చేయించుకో.

మీ అన్న కడుపులో ఉన్నప్పుడు నాకూ అవి పెద్దవై నల్లబడ్డాయి. పసివాడికి ఆనవాలు తెలియాలి కదే అని అమ్మమ్మ నవ్వేసింది. ఇప్పుడు తగ్గించుకున్నా కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ సాగొచ్చు. పాల నాళాల జోలికి సాధారణంగా పోరు గానీ, పాలివ్వడానికి ఇబ్బంది ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పిల్లలు పుట్టాక చేయించుకుంటే మేలు.

ఆపరేషన్ పెద్దదేం కాదు. మత్తు సూది వేసి, మధ్యలో చనుమొన ఉన్న భాగం వదిలేసి చుట్టూ గారె ఆకారంలో చర్మం తీస్తారు. మళ్లీ సాగకుండా లోపల కరగని దారంతో బిగించి కుడతారు. గంటా గంటన్నర పని, అదే రోజు ఇంటికి పంపేస్తారు. వాపు, కమిలిన రంగు 1-2 వారాలుంటాయి. మెత్తటి బ్రా వేసుకునే ఉండాలి. 3-4 వారాలు బరువులెత్తకూడదు, కొన్నాళ్లు దాంపత్యమూ వద్దంటారు. స్పర్శ తగ్గొచ్చు, కొందరికి తిరిగి రాదు. వలయం చుట్టూ మచ్చ మొదట ఎర్రగా ఉంటుంది. అది సద్దుమణగడానికి ఏడాది పడుతుంది, పూర్తిగా మాత్రం పోదు. మాఘానికి ఎన్ని నెలలుందో లెక్క చూసుకున్నావా, పిచ్చిదానా? కోప్పడటం లేదమ్మా, తొందరపడకంటున్నాను.

చెవులు కుట్టించినప్పుడు నీకు బొడిపె కట్టింది, గుర్తుందా? ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు. కుట్లు పడిన చోటా అలాగే కట్టొచ్చు. ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే అదీ దాచకు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ చేసినవాళ్ల దగ్గరికే వెళ్లు. అందం కోసం చేయించుకునే వాటికి మామూలుగా బీమా రాదు, డబ్బు సంగతీ చూసుకో.

అడ్వాన్సు మాత్రం ఇప్పుడే కట్టకు. ముందు డాక్టరుని కలుద్దాం, నేనూ వస్తాను. నీకు అడగడానికి సిగ్గైతే నేనడుగుతాను.

నీ పిన్ని