సోమవారం ఎవరొస్తారు?

తణుకు,
ముక్కనుమ.

చిరంజీవి చిన్నాకి, మామయ్య ఆశీస్సులు.

మీ కాలనీ పార్కులో పాడుపడిన వాలీబాల్ కోర్టును కుర్రాళ్లంతా కలిసి బాగుచేస్తున్నారని అక్క ఫోనులో చెప్పింది. వచ్చే ఆదివారమే పని మొదలట! విన్నప్పటి నుంచీ నా చేతులు ఊరుకోవడం లేదు. నీ వయసులో మేమూ ఒక కోర్టు వేశాం. అప్పుడు తెలిసొచ్చినవి నీకు చెప్పకుండా ఉండలేను.

ముందు మునిసిపల్ ఆఫీసుకు వెళ్లు. ఏం చేయబోతున్నారో కాగితం మీద రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. భూమిలో నీళ్ల పైపు, కరెంటు కేబులు ఎటు పోతున్నాయో పలుగు దించకముందే వాళ్లను అడుగు.

తరవాత కలుపు. వయ్యారిభామను పూతకు రాకముందే వేళ్లతో సహా పీకండి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆ మొక్క పడనివాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఆయాసం వస్తుంది. పల్లేరు కాయల్ని ఊడ్చి, తరవాత మిగిలినవి కూర్చుని ఏరండి. ఒక్కటి మిగిలినా ఒట్టికాళ్లతో ఆడే పిల్లాడి అరికాల్లోనే తేలుతుంది.

ఇక నేల. మీ భీమవరం నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకే పైన ఎర్ర గ్రావెల్ పరవాలి. పలచగా ఒక పొర పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, అది గట్టిపడ్డాకే రెండో పొర పోయండి. ఒకేసారి మందంగా పోస్తే పైన గట్టిగా కనిపించినా లోపల గుల్లగానే ఉంటుంది.

మేం పొరల దగ్గర కష్టపడ్డాం కానీ వాలు సంగతి మరిచాం. కోర్టంతా బల్లపరుపుగా చదును చేసి మురిసిపోయాం. తొలివానకే మడుగైంది. వాన వెలిసిన మూడో రోజు కూడా మడమలు దిగబడ్డాయి. మీరు మీటరుకు 5 మిల్లీమీటర్ల చొప్పున వాలు పెట్టండి. 9 మీటర్ల వెడల్పుకు ఒక పక్క నాలుగున్నర సెంటీమీటర్ల పల్లం. అది మన కంటికి ఆనదు, నీటికి తెలుస్తుంది. తాపీమేస్త్రిని బతిమాలి లెవెల్ గొట్టంతో చూపించుకోండి.

కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ. పురికొస లాగాక ఐమూలగా రెండువైపులా కొలవండి. రెండూ 20 మీటర్ల 12 సెంటీమీటర్లు వస్తే మూలలు సరిగ్గా కుదిరినట్టే. గీతలకు ముగ్గుపిండి చాలు. పొడిసున్నం మాత్రం వద్దు, బంతి కోసం నేల మీద పడ్డవాడి కంట్లో పడితే కన్ను కాలిపోతుంది.

స్తంభాలకు కొక్కేలు రెండు ఎత్తుల్లో పెట్టించు: మగపిల్లలకు 2.43 మీటర్ల దగ్గర, ఆడపిల్లలకు 2.24 దగ్గర. ఆ రెండో కొక్కెం ఖర్చు ఏపాటిది? అది ఉంటే మీ చెల్లెలు, దాని స్నేహితురాళ్లు ఎవరినీ అడక్కుండా వాళ్ల ఎత్తుకు నెట్ కట్టుకుని ఆడుకుంటారు. వాళ్లకంటూ ఒక వేళ కూడా ఇప్పుడే అనుకోండి. కోర్టు నిండాక చోటిమ్మంటే ఎవరూ ఇవ్వరు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరికి దాచాను. ఆదివారం నలభై మంది వస్తారు. మాకూ వచ్చారు. మట్టి మోశారు, పులిహోర తిన్నారు, ఫొటో దిగారు. సోమవారం ఎవరు రావాలో మేం అనుకోలేదు. ఒకరు ఉద్యోగానికి, ఒకరు చదువుకు వెళ్లిపోయాం. నీళ్లు చల్లేవాళ్లు లేక గ్రావెల్ దుమ్మై లేచిపోయింది. మరుసటి వానాకాలానికి గీతల మీద గరిక అల్లుకుంది. మా కోర్టు చెమట చాలక పోలేదురా, చూసేవాళ్లు లేక పోయింది.

అందుకని పలుగు పట్టకముందే ఒక కాగితం తీసుకో. వారంలో ఏడు రోజులూ రాసి, ఒక్కో రోజుకు ఇద్దరి పేర్లు రాయించు. వాళ్లు ఆటకు ముందు నీళ్లు చల్లాలి, మొలిచిన గడ్డి పీకాలి, ఆట అయ్యాక నెట్ విప్పి చుట్టాలి. పావుగంట పని. పై చదువులకు వెళ్లేవాడు తన పేరు కొట్టేసేముందు తన కింది వయసువాణ్ణి తెచ్చి నిలబెట్టాలి.

ఆదివారం దిమ్మిస కొట్టడానికి నేనూ వస్తాను. సోమవారానికి మాత్రం తొలి పేరు నీదే రాసుకో. సాయంత్రం నీళ్లు చల్లాక ఒక్క ఫోను చెయ్యి. తడిసిన గ్రావెల్ వాసన ఎలా ఉందో నీ నోటితో వినాలి.

ప్రేమతో,
మీ మామయ్య